సౌదీ అకామా: గడువు దాటకముందే చూసుకోవాల్సిన సంగతులు

సౌదీలో అకామా, అంటే అక్కడ ఉండి పని చేయడానికి ఇచ్చే అనుమతి, రెన్యువల్ చేయించాల్సింది కంపెనీ. పైసలు కట్టాల్సింది కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. కంప్యూటర్ ముందు కూర్చుని పని పూర్తి చేసేది మందూబ్, అంటే కంపెనీ తరఫున ప్రభుత్వ పనులు చూసే మనిషి. చూస్తే మన చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ తేదీ దాటిందంటే చెకింగ్‌లో బండి దిగి నిలబడేది మనం. బ్యాంకు ఖాతా ఆగిపోయి ఇంటికి పైసలు పంపలేనిది మనం. చుట్టీకి (సెలవుకు) టికెట్ కొన్నాక ఖురూజ్ (దేశం దాటే వీసా) రాక ఆ డబ్బులు పోగొట్టుకునేదీ మనమే. అందుకే పని వాళ్లదైనా లెక్క మాత్రం మీ దగ్గర ఉండాలి.

నేను దమ్మాం దగ్గర ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంపులో టైమ్‌కీపర్‌గా చేశాను. హాజరు షీటుతో పాటు ఇంకో షీటు కూడా నా మెడకే చుట్టారు. పేరు, అకామా నంబరు, అకామా తేదీ, పాస్‌పోర్టు తేదీ, ఇన్సూరెన్స్ తేదీ. మూడు నెలల్లో అయిపోయేవాటికి పసుపు రంగు, నెలలో అయిపోయేవాటికి ఎరుపు. నెల మొదట్లో అది మందూబ్‌కు పంపాలి. ఇప్పుడు మెట్‌పల్లిలోనే ఉంటున్నాను. కోరుట్ల, మల్లాపూర్, ఇబ్రహీంపట్నం వైపు నుంచి చుట్టీ మీద వచ్చినవాళ్లు ఫోన్ పట్టుకుని వస్తుంటారు. "అన్నా, నా అకామా ఎప్పటిదాంక ఉన్నదో జర చూడవా" అంటారు. చిట్టి ఎప్పుడు కట్టాలో, బ్యాంకు కిస్తీ ఏ తేదీకో నోటికి చెప్పేవాళ్లకు కూడా అకామా తేదీ తెలియదు. కంపెనీ చూసుకుంటుందిలే అన్న ధీమా. పెద్ద కంపెనీ అయితే నిజంగానే చూసుకుంటుంది. చిన్న ముఅస్ససా (ఒకరి సొంత సంస్థ) అయినా, కఫీల్ దగ్గర నలుగురైదుగురు పనివాళ్లే ఉన్నా ఆ ధీమా పనికిరాదు.

తేదీ ఎక్కడ చూడాలి

చేతిలో ఉన్న కార్డును నమ్మకండి. 2015 నుంచి వచ్చిన ముఖీమ్ కార్డు ఐదేళ్లకు ఇస్తారు. లోపల అకామా మాత్రం ఏడాదికోసారి, కొన్నిసార్లు మూడు నెలలకోసారి ఆన్‌లైన్‌లోనే పెరుగుతుంది. కార్డు కొత్తగా మెరుస్తూ ఉన్నా అకామా చచ్చిపోయి ఉండొచ్చు. జవాజాత్, అంటే పాస్‌పోర్టులు, అకామాలు చూసే శాఖ, దాని సిస్టమ్‌లో ఏముందో అదే లెక్క.

దాన్ని చూడటానికి సౌదీ ప్రభుత్వ యాప్ అబ్షర్ ఉండాలి. మీ అకామా నంబరు, అంటే 2తో మొదలయ్యే పది అంకెలు, దానితో రిజిస్టర్ చేసుకుని, మాల్‌లో ఉండే సెల్ఫ్ సర్వీస్ మెషీన్ దగ్గర వేలిముద్ర పెట్టో, బ్యాంకు ఆన్‌లైన్ ఖాతా ద్వారానో యాక్టివేట్ చేసుకోవాలి. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. అబ్షర్‌లో ఉండే మొబైల్ నంబరు మీ పేరు మీద ఉన్న మీ సిమ్‌దే కావాలి. మందూబ్ తొందరలో తన నంబరు పెట్టేసి, "ఖలాస్, అయిపోయింది" అంటాడు. తర్వాత మీ ఓటీపీలన్నీ అతనికి పోతాయి. మీ పేరు మీద ఏం జరుగుతుందో మీకు తెలియదు. రూమ్‌లో కొంచెం చదువుకున్న తమ్ముడు ఎవరైనా ఉంటే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే చేసుకోండి.

అబ్షర్ తెరిచాక తేదీని హిజ్రీలో చూపిస్తే జాగ్రత్త. నా దగ్గరికి వచ్చిన ఒకతని స్క్రీన్ మీద 1447/09/04 అని ఉంది. "సెప్టెంబర్ నాలుగు దాంక ఉన్నది కద అన్నా" అన్నాడు. అది తొమ్మిదో నెలే, కానీ సెప్టెంబర్ కాదు, రంజాన్. అంటే 2026 ఫిబ్రవరి. ఆరు నెలల పైన తేడా. ఫోన్‌లో హిజ్రీ క్యాలెండర్ కన్వర్టర్ ఉంటుంది, తేదీ వేసి మార్చి చూసుకోండి. అంచనా వేయకండి. హిజ్రీ ఏడాది 354 లేదా 355 రోజులే కాబట్టి పోయినేడు తేదీని బట్టి ఈ ఏడాదిది లెక్కకట్టినా తప్పు పోతుంది.

చూసిన తేదీని ఇంగ్లిష్‌లోకి మార్చి, దానికి నాలుగు నెలల ముందు, మూడు నెలల ముందు, నెల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఎందుకు నాలుగు నెలలంటే, రెన్యువల్‌కు కాదు. దానికి అడ్డం వచ్చేవాటిని తీసేయడానికి.

అడ్డం వచ్చేవి

రెన్యువల్ బటన్ నొక్కడం నిమిషాల పని. పైసలు సదాద్‌లో (బ్యాంకు ద్వారా బిల్లులు కట్టే సిస్టమ్‌లో) కట్టి ఉండి, అన్నీ సరిగ్గా ఉంటే మందూబ్ చాయ్ తాగేలోపు అయిపోతుంది. నెలలు పట్టేదంతా ముందరి వాటికే.

మొదటిది పాస్‌పోర్టు. అకామా తేదీ చూసిన చేతితోనే పాస్‌పోర్టు తేదీ కూడా చూడండి. ఏడాదిలోపే ఉంటే ముందు దాన్ని మార్చుకోవాలి. సౌదీలో అయితే ఇండియన్ పాస్‌పోర్టు దరఖాస్తు సెంటర్‌లో ఇస్తే రియాద్ ఎంబసీ లేదా జెద్దా కాన్సులేట్ నుంచి కొత్తది వస్తుంది. అసలు పాస్‌పోర్టు మీ దగ్గర లేదా, కంపెనీ లాకర్‌లో ఉందా? పనివాడి పాస్‌పోర్టు యజమాని పట్టుకోవడం సౌదీలో కూడా చట్టం ఒప్పుకోదు. గొడవ పెట్టుకోమనడం లేదు. "రెన్యువల్‌కు ఇవ్వాలి, అపాయింట్‌మెంట్ ఫలానా రోజు" అని స్లిప్ చూపించి అడిగితే సాధారణంగా ఇస్తారు.

కొత్త పాస్‌పోర్టు రాగానే పని అయిపోలేదు. జవాజాత్ సిస్టమ్‌లో ఇంకా పాత నంబరే ఉంటుంది. దాన్ని కొత్త నంబరుకు మార్చాలి, అక్కడ దాన్ని నఖల్ మాలూమాత్ అంటారు. కంపెనీ తన ముఖీమ్ పోర్టల్‌లోనో, కఫీల్ తన అబ్షర్‌లోనో చేస్తారు. మా షీటులో ఎర్ర రంగులో ఇరుక్కుపోయిన పేర్లు చాలావరకు ఇలాంటివే. పాస్‌పోర్టు మార్చుకున్నారు, జేబులో పెట్టుకున్నారు, మందూబ్‌కు చెప్పలేదు. కొత్త పాస్‌పోర్టు ఫోటో తీసి అదే రోజు పంపేయండి. వారం తర్వాత అబ్షర్‌లో కొత్త నంబరు పడిందో లేదో చూసుకోండి.

రెండోది ఇన్సూరెన్స్. ఇది కంపెనీ బాధ్యత. మీ అకామా నంబరు మీద హెల్త్ ఇన్సూరెన్స్ నడుస్తూ ఉండాలి. లేకపోతే రెన్యువల్ ముందుకు కదలదు. కంపెనీలు పైసలు ఆదా చేయడానికి దీన్ని చివరి రోజు వరకు సాగదీస్తాయి. మీరు చేయగలిగింది అడగడమే.

మూడోది డ్రైవర్ అన్నలకు. సాహెర్ కెమెరా ఫైన్లు. కట్టని ట్రాఫిక్ ఫైన్ ఉంటే రెన్యువల్ ఆగుతుంది. కంపెనీ బండి నడిపినా, బండిని మీ పేరు మీద రాయించి ఉంటే ఫైన్ మీ అకామా నంబరు మీదే పడుతుంది. అబ్షర్‌లో నెలకోసారి చూసుకోండి. ఆ రోజు బండి మీరు నడపలేదంటే గడువులోపల అభ్యంతరం పెట్టవచ్చు. గడువు దాటాక ఎవరూ వినరు.

నాలుగోది అన్నిటికన్నా బరువైనది, వర్క్ పర్మిట్. మనవాళ్లు దీన్ని మక్తబ్ అమల్ ఫీజు అంటారు. అకామా ఫీజు ఏడాదికి 650 రియాళ్లే. వర్క్ పర్మిట్‌కు మాత్రం సౌదీవాళ్ల కంటే బయటివాళ్లు ఎక్కువ ఉన్న కంపెనీ నెలకు 800 చొప్పున కట్టాలి, సౌదీవాళ్లు ఎక్కువుంటే 700. అంటే మొదటి రకం కంపెనీకి అకామా ఫీజుతో కలిపి ఒక్క మనిషి మీద ఏడాదికి పది వేల రియాళ్లకు పైమాటే. ఫ్యాక్టరీలకు దీంట్లో మినహాయింపు ఉంది, కొన్ని చిన్న సంస్థలకూ ఉంది. మీ రెన్యువల్ ఎందుకు ఆలస్యమవుతుందో అర్థం కావాలంటే ఈ లెక్క తెలియాలి. యాభై మంది ఉన్న కంపెనీకి బిల్లు రాక చేతిలో పైసలు లేవనుకోండి, ముందుగా ఆగేది ఇదే.

దీనివల్లే ఇప్పుడు చాలా కంపెనీలు ఏడాదికి కాకుండా మూడు నెలలు, ఆరు నెలలు, తొమ్మిది నెలలకు రెన్యువల్ చేస్తున్నాయి. 2021 నుంచి ఆ వీలు ఇచ్చారు. తప్పేం లేదు, అది కూడా చెల్లే అకామానే. కాకపోతే అలారం మూడు నెలలకోసారి మార్చుకుంటూ పోవాలి. చుట్టీకి పోయేటప్పుడు దీనితో వచ్చే చిక్కు వేరే ఉంది, కింద చెప్తాను.

ఇంకొకటి, నితాకాత్. 2011లో మొదలైన ఈ లెక్కలో కంపెనీ సౌదీవాళ్లకు ఎన్ని ఉద్యోగాలు ఇచ్చిందో చూసి రంగు ఇస్తారు. రెడ్‌లో పడిన కంపెనీ వర్క్ పర్మిట్లు రెన్యువల్ చేయలేదు. "మన కంపెనీ రెడ్ల పడ్డదట" అని క్యాంపులో గుసగుస మొదలైతే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి.

కివా మరిచిపోకండి

వర్క్ పర్మిట్, కాంట్రాక్టు రెండూ కివా అనే పోర్టల్‌లో ఉంటాయి. మీ కాంట్రాక్టును కంపెనీ అందులో పెడితే మీరు లాగిన్ అయి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకునే ముందు మూడు గడులు చూడండి. జీతం ఎంత రాశారు, పని ఏం రాశారు, కాంట్రాక్టు ఎప్పటిదాకా. నోటితో 1,500 అని చెప్పి అందులో 1,000 రాసిన కాంట్రాక్టులు నేను చూశాను. రేపు మీరు ఫిర్యాదు చేస్తే ఆఫీసువాళ్లు చూసేది కివాలో ఉన్న అంకెనే, మేస్త్రీ చెప్పిన మాటను కాదు.

ఎలా అడగాలి

నోటిమాటగా అడిగితే "బుక్రా, ఇన్షాల్లా" అని జవాబు వస్తుంది. ఆ బుక్రా, అంటే రేపు, ఎన్ని నెలలైనా రాదు. వాట్సాప్‌లో రాసి పంపండి, అబ్షర్ స్క్రీన్‌షాట్ జత చేసి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఇంత చాలు: "సార్, నా అకామా నంబరు ఇది. ఫలానా తేదీకి అయిపోతుంది. పాస్‌పోర్టు ఫలానా ఏడాది వరకు ఉంది. ట్రాఫిక్ ఫైన్లు లేవు. దయచేసి రెన్యువల్ చేయించండి." ఫోన్‌లోనే అరబ్బీలోకో ఇంగ్లిష్‌లోకో మార్చి పంపండి. మూడు నెలల ముందు ఒకసారి, నెల ముందు ఒకసారి, పది రోజుల ముందు రోజూ. వాయిస్ మెసేజ్‌ల కంటే రాసినదే మేలు, తర్వాత చూపించుకోవడానికి ఉంటుంది. ఫోన్ పోతే మెసేజ్‌లు పోతాయి కాబట్టి స్క్రీన్‌షాట్లు ఇంట్లోవాళ్లకు కూడా పంపి ఉంచండి.

మందూబ్‌తో మంచిగా ఉండండి. ఇది లంచం గురించి చెప్పడం కాదు. అతని మీద వంద పేర్లు ఉంటాయి. కాగితాలన్నీ ముందే సిద్ధం చేసి పంపినవాడి పని అతనికి సులువు, అందుకే ముందు అయిపోతుంది.

పైసలు ఎవరు కట్టాలి

సౌదీ లేబర్ చట్టం 40వ ఆర్టికల్ చూస్తే సందేహమే లేదు. అకామా, వర్క్ పర్మిట్ ఫీజులు, వాటి రెన్యువల్, ఆలస్యమైతే పడే ఫైన్లు, ఖురూజ్ ఔదా ఫీజు అన్నీ యజమానివే. మీ తన్ఖాలో కోసుకోవడానికి వీల్లేదు.

ఇది కంపెనీ వీసా మీద పోయినవాళ్ల మాట. మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి ఆజాద్ వీసా మీద పోయినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల సంగతి వేరు. కాగితం మీద కఫీల్ ఒకడు, పని చేసేది ఇంకోచోట. కఫీల్ కాని మనిషి దగ్గర పని చేయడమే అక్కడి చట్టానికి విరుద్ధం, 39వ ఆర్టికల్ అదే చెప్తుంది. కాబట్టి కఫీల్ ఎంత అడిగితే అంత ఇవ్వాల్సి వస్తుంది, ఫిర్యాదు చేయడానికి నోరు ఉండదు. రెన్యువల్ టైమ్ వచ్చిందంటే బేరం మొదలు.

కోరుట్ల దగ్గరి తాపీ మేస్త్రీ ఒకతను చుట్టీ మీద వచ్చినప్పుడు తన ఫోన్ నా ముందు పెట్టాడు. కఫీల్ తరఫున వచ్చిన మనిషికి రెన్యువల్ కోసం పైసలు ఇచ్చాడట, నగదుగా. రసీదు లేదు. వాట్సాప్‌లో అరబ్బీ వాయిస్ మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటి నాలుగైదు సెకన్లు. అన్నిట్లోనూ బుక్రానే. అబ్షర్ తెరిస్తే అకామా ఒక్క రోజు కూడా పెరగలేదు. అతను మళ్లీ ఇంకో సగం సర్దాల్సి వచ్చింది, ఈసారి ఇంటి మీద అప్పు తెచ్చి.

ఆజాద్ వీసా మంచిదని నేను చెప్పను. చేతనైతే నిజంగా పని ఇచ్చే కంపెనీకి కఫాలా (స్పాన్సర్‌షిప్) మార్చుకోండి. అప్పటిదాకా మాత్రం ఒక పద్ధతి పెట్టుకోండి. నగదు ఎవరి చేతికీ ఇవ్వకండి. "సదాద్ నంబరు ఇవ్వు, నేనే కడతా" అనండి. మీ బ్యాంకు యాప్‌లో గవర్నమెంట్ పేమెంట్లలో మీ అకామా నంబరు కొడితే అకామా ఫీజు అక్కడి నుంచే కట్టవచ్చు, కట్టినట్టు రికార్డు ఉంటుంది. కట్టిన రోజే అబ్షర్ చూడండి. రెన్యువల్ అయితే తేదీ వెంటనే మారుతుంది. రెండు రోజులైనా మారలేదంటే ఏదో అడ్డం వచ్చినట్టే. అది ఏమిటో అడగండి.

చుట్టీకి వచ్చేటప్పుడు

ఖురూజ్ ఔదా, అంటే వెళ్లి తిరిగి రావడానికి ఇచ్చే వీసా, రెండు నెలల వరకు 200 రియాళ్లు. పైన ప్రతి నెలకు 100. ఈ వీసా గడువు అకామా గడువు లోపలే ఉండాలి. అకామా రెండు నెలలే మిగిలి ఉంటే మూడు నెలల చుట్టీ రాదు. మూడు నెలలకోసారి రెన్యువల్ చేసే కంపెనీలో ఇదే చిక్కు. చెల్లె పెళ్లికి వస్తున్నాను, రెండున్నర నెలలు కావాలి అనుకుంటే ముందు అకామా ఆరు నెలలకు చేయించమని అడగండి. అది అయ్యాకే టికెట్ కొనండి. పాస్‌పోర్టు కూడా కనీసం 90 రోజులు మిగిలి ఉండాలి.

వీసా కాగితం చేతికి వచ్చాక ఇది ఏ రకమో చూడండి. ఒక రకంలో రోజులు రాసి ఉంటాయి, 60 లేదా 90 అని. ఇచ్చిన మూడు నెలల్లోపు బయల్దేరాలి, రోజులు మీరు సౌదీ దాటిన నాటి నుంచి మొదలవుతాయి. రెండో రకంలో ఫలానా తేదీలోపు తిరిగి రావాలి అని ఉంటుంది. దాంట్లో వీసా కొట్టిన నాటి నుంచే గడియారం తిరుగుతుంది. వీసా కొట్టాక కంపెనీ ఇంకో రెండు వారాలు పని చేయించుకుంటే ఆ రెండు వారాలు మీ చుట్టీలోనుంచి పోయినట్టే. దాన్ని చూడకుండా ఇంటికొచ్చి, పెళ్లి పనుల్లో పడి, చివరి వారంలో టెన్షన్‌తో పరుగెత్తినవాళ్లు ఎందరో.

ఇంటికి వచ్చాక సౌదీ సిమ్ తీసి డ్రాయర్‌లో పడేయకండి. రోమింగ్‌లో బతికి ఉండాలి, అబ్షర్ ఓటీపీ దానికే వస్తుంది. సిమ్ పని చేయకపోతే ముఖీమ్ వెబ్‌సైట్‌లో వీసా గడువు చూసే పేజీ ఉంది. లాగిన్ లేకుండానే అకామా నంబరు, పాస్‌పోర్టు నంబరు వేస్తే గడువు చూపిస్తుంది. ఈ పేజీ తెలిస్తే మన ఊళ్లోనే సగం గొడవలు తగ్గుతాయి.

ఇంట్లో ఎవరికైనా బాగోలేక, లేదా చావు జరిగి కర్మకాండ దాకా ఉండాల్సి వచ్చి గడువు చాలకపోతే ఇక్కడి నుంచే పొడిగించుకోవచ్చు. కఫీల్ సౌదీలో కూర్చుని అబ్షర్‌లోనో, కంపెనీ ముఖీమ్‌లోనో చేయాలి. అకామా కూడా మీరు ఇండియాలో ఉండగానే పెంచవచ్చు. కానీ బయట ఉన్నవాళ్లకు ఫీజు రెట్టింపు. వీసా గడువు ఇంకా ఉన్నప్పుడే అడగండి, కనీసం రెండు వారాలు ముందు. గురువారం సాయంత్రం తర్వాత సౌదీలో ఆఫీసులు ఆదివారం దాకా తెరవవని గుర్తుపెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో గడువు రోజునే శంషాబాద్‌లో ఎక్కే ప్లాన్ వేయకండి. మీరు గడువులోపల సౌదీలో దిగాలి, ఫ్లైట్ లేటైతే ఎవరి పూచీ ఉండదు.

చుట్టీలో ఉండగా పాస్‌పోర్టు మార్చుకునేవాళ్లు కూడా ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో అవుతుంది. పోలీస్ వెరిఫికేషన్‌కు టైమ్ పడుతుంది కాబట్టి వచ్చిన వారంలోనే వేయండి. మీ ఖురూజ్ వీసా పాత నంబరు మీద ఉంటుంది. కాబట్టి తిరిగి పోయేటప్పుడు పాతది, కొత్తది రెండూ బ్యాగులో కాదు, చేతిలో ఉండాలి. పోగానే మళ్లీ నఖల్ మాలూమాత్.

అప్పటికే దాటిపోతే

మొదటిసారి ఆలస్యానికి 500 రియాళ్ల ఫైన్, రెండోసారి 1,000. మూడోసారి దేశం నుంచి పంపించేయవచ్చు. ఫైన్ కట్టాల్సింది యజమానే.

క్యాంపు వదిలి బయటికి పోకండి. ఖల్లివెల్లి అయిపోదాం, బయట రోజుకూలి బాగుంది అని చెప్పేవాళ్లు ప్రతి క్యాంపులో ఉంటారు. మీరు కదలగానే కఫీల్ పనికి రావడం లేదని రిపోర్ట్ పెడితే హురూబ్ (పారిపోయాడన్న కేసు) పడుతుంది. అప్పటిదాకా తప్పు కంపెనీది. ఆ రోజు నుంచి కాగితం మీద తప్పు మీదవుతుంది. కంపెనీ పనివాళ్లకు అలాంటి రిపోర్ట్ పడినా వెంటనే అంతా అయిపోదు. 60 రోజుల గడువు ఉంటుంది, ఆలోపు వేరే కంపెనీకి మారవచ్చు లేదా ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి రావచ్చు. అందుకే అబ్షర్ వారానికోసారి తెరిచి మీ స్టేటస్ చూసుకోవాలి.

అకామా లేదా వర్క్ పర్మిట్ గడువు దాటితే మీకు ఒక హక్కు వస్తుంది, ఇది చాలామందికి తెలియదు. 2021 మార్చిలో వచ్చిన మార్పుతో, అలాంటప్పుడు పాత కఫీల్ ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారవచ్చు. కొత్త కంపెనీ కివాలో రిక్వెస్ట్ పెడుతుంది, మీరు ఒప్పుకుంటారు, అంతే. వరసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోయినా ఈ దారి ఉంది. ఫిర్యాదుకు లేబర్ మినిస్ట్రీ నంబరు 19911. ఎటూ దారి దొరకకపోతే రియాద్ ఎంబసీ, జెద్దా కాన్సులేట్‌లో కార్మికుల సంక్షేమం చూసే విభాగాలు ఉన్నాయి.

హౌస్ డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, మజ్రాల్లో (పొలాల్లో) పని చేసేవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లకు ఈ మారే హక్కు వర్తించదు. వాళ్లకు నిబంధనలు వేరు. వాళ్ల రెన్యువల్ కఫీల్ సొంత అబ్షర్‌లో అవుతుంది, ఫీజు ఏడాదికి 600 రియాళ్లు. కంపెనీ, మందూబ్ ఉండరు. అడగాల్సింది కఫీల్‌నే, ఆయన దొరకకపోతే ఇంట్లో పెద్ద కొడుకును. చాలా ఇళ్లలో అబ్షర్ పనులు చేసేది ఆ కొడుకే. ఎడారిలో మజ్రాలో ఉన్నవాళ్లకు నెట్ సరిగ్గా ఉండదు. వాళ్ల తేదీని ఇక్కడ ఇంట్లోవాళ్లే క్యాలెండర్ మీద రాసుకుని ఇమో కాల్‌లో గుర్తు చేయాలి.

దుబాయ్, కువైట్, ఖతర్ వాళ్లకు రెండు మాటలు. యూఏఈలో పనివాళ్ల వీసా సాధారణంగా రెండేళ్లు, రెన్యువల్‌కు మళ్లీ మెడికల్ ఉంటుంది. ఇచ్చిన వెసులుబాటు గడువు కూడా దాటితే రోజుకు 50 దిర్హామ్‌ల ఫైన్. ఆరు నెలలకు పైగా బయట ఉంటే వీసా పోతుంది, కాబట్టి అక్కడివాళ్లు పెద్ద చుట్టీలు పెట్టుకోవద్దు. కువైట్‌లో పాస్‌పోర్టు ఎంతవరకు ఉంటే అకామా అంతవరకే కొడతారు. ఖతర్‌లో గడువు దాటాక 90 రోజుల వెసులుబాటు ఉంది.

చివరగా ఇంట్లో పెట్టాల్సిన కాగితం. అకామా నంబరు, పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జిరాక్స్, కంపెనీ పేరు అరబ్బీలో ఉన్న ఫోటో, కఫీల్ ఫోన్ నంబరు, మందూబ్ నంబరు, క్యాంపు లొకేషన్, ఒకే ఊరివాళ్లు ఇద్దరి నంబర్లు. మీకేమైనా అయిన రోజు ఇంట్లోవాళ్లు మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలన్నా, హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి దగ్గరికి పోయినా, ముందు అడిగేవి ఇవే. భార్య ఫోన్‌లో ఒకటి, బీరువాలో ఒకటి పెట్టండి. అబ్షర్ పాస్‌వర్డ్ మాత్రం ఆ కాగితం మీద రాయకండి.